పొగ వస్తోంది, కళ్ళు మూసుకోండి

ఏ కాలం మాటో ఎవరికీ తెలియదు. మాకు మా అమ్మమ్మ చెప్పింది. ఆమెకు వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. గోదారి రెండు పాయల మధ్య ఒక లంక ఉండేది. లంకలో ఒక ఊరు, ఊళ్ళో ఒక చర్చి, చర్చి వెనక కొబ్బరితోట, తోట చివర ఒక పాక. ఆ పాకలో దీనమ్మ ఉండేది.

దీనమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు, సెంటు భూమి లేదు. ఉన్నవి రెండే. ఒకటి గులాబి పువ్వుల అచ్చు. పొడుగాటి ఇనప కాడ, దాని చివర రేకులు రేకులుగా పువ్వు. కాగే నూనెలో అచ్చు వేడి చేసి, పిండిలో అంచు మునగకుండా ముంచి, మళ్ళీ నూనెలో పెడితే పువ్వు విడివడి తేలుతుంది. లంక మొత్తానికి అదొక్కటే అచ్చు.

రెండోది నల్లపాలు కాచే పనితనం. ఆ కొబ్బరితోటలో, నీడన, ఎవరు నాటారో తెలియని పొట్టి చెట్లుండేవి. కాయలు కొమ్మలకు కాకుండా మానుకే కాసేవి. ఎలుకలూ ఉడతలూ గుజ్జు తిని గింజలు వదిలేసేవి. దీనమ్మ ఆ గింజలు ఏరి, అరిటాకుల్లో మూటకట్టి పులియబెట్టి, ఎండబెట్టి, మూకుట్లో వేయించి, పొట్టు తీసి రోట్లో నూరేది. గేదెపాలల్లో ఆ ముద్ద, తాటిబెల్లం, చిటికెడు శొంఠి వేసి కాచేది. ఇప్పుడు ఆ చెట్టును కోకో అంటున్నాం. అప్పుడు దానికి పేరు లేదు.

క్రిస్మస్ ముందు దీనమ్మ ఇల్లిల్లూ తిరిగేది. ఒక చేతిలో అచ్చు, ఒక చేతిలో నల్లపాల తపేలా.

ఆ లంకలో ఒక ఆచారం ఉండేది. కొత్త కోడలు వచ్చిన ఏడాది పువ్వుల పిండి ఆ పిల్లే కలపాలి. మొదటి పువ్వు నిండుగా తేలితే చేయి మంచిది. విరిగితే చేయి మంచిది కాదు. చేయి మంచిది కాని పిల్లను పండగ చెయ్యకుండానే పడవెక్కించి పుట్టింటికి పంపేసేవారు. అలా పంపిన పిల్లను మళ్ళీ పిలుస్తారని నమ్మకం లేదు.

అయితే ఆ భయం మాటల్లోనే ఉండేది. దీనమ్మ అచ్చు పట్టినప్పటినుంచీ ఏ కోడలి మొదటి పువ్వూ విరగలేదు. కొత్త కోడలున్న ఇంట్లోనైనా లేని ఇంట్లోనైనా, అచ్చు నూనెలో పెట్టగానే ఆమె ఒకటే మాట అనేది.

"పొగ వస్తోంది, కళ్ళు మూసుకోండి. పరలోక ప్రార్థన చెప్పుకోండమ్మా."

అందరూ కళ్ళు మూసుకునేవారు. ప్రార్థన ముగించి తెరిస్తే, నూనెలో నిండు పువ్వు.

ఆ ఊళ్ళో లేయమ్మ అని ఒకామె. దేన్నీ ఊరికే నమ్మదు. పాలవాడి కుండలో వేలు పెట్టి చూస్తుంది. చర్చి గంట మోగితే ఎండ చూసి సరే అనుకుంటుంది. ఆమెకు ఇద్దరు నేస్తాలు, రిబ్కమ్మ, తబితమ్మ. పండగ వంటలు ముగ్గురూ కలిసే చేసేవారు. ఒకరోజు ఒకరింట్లో, ఒకరోజు ఇంకొకరింట్లో, ఒకరోజు మూడోవాళ్ళింట్లో. ఆ ఏడు లేయమ్మ ఇంటికి కోడలొచ్చింది. పేరు సలోమి. పిల్లను లేయమ్మే వెతికి, మూడుసార్లు రేవు దాటి వెళ్ళి చూసి తెచ్చుకుంది. మాట మెత్తన, పని చురుకు.

మొదటి రోజు రిబ్కమ్మ ఇంట్లో పువ్వులు వేశారు. దీనమ్మ అందరికీ నల్లపాలు పోసింది. లేయమ్మ గ్లాసు పట్టుకుని చూసింది. పోసినామె తాగడం లేదు.

"ఏమే రిబ్కా, దీనమ్మ ఈ పాలు ఎప్పుడైనా తాగగా చూశావా?"

రిబ్కమ్మ ఆలోచించింది. "లేదే."

"తబితా, నువ్వు?"

"నేనూ చూళ్ళేదు. అయినా ఎలుకలు వదిలిన గింజలు. అసలు మనమెందుకు తాగుతున్నామే?"

ముగ్గురూ గ్లాసులు కింద పెట్టారు. కాసేపటికి తబితమ్మ మళ్ళీ తీసుకుంది. రుచి అలాంటిది.

రెండో రోజు తబితమ్మ ఇంట్లో. "పొగ వస్తోంది, కళ్ళు మూసుకోండి," అంది దీనమ్మ. అందరూ మూసుకున్నారు. లేయమ్మ ఒక కన్నే మూసుకుంది. రెండో కంటితో చూసింది. దీనమ్మ వీపు తిప్పి, అచ్చు మీంచి ఏదో గబుక్కున లాగి ఒడిలో వేసుకుంది. కొంగు కప్పేసింది.

ఇది చిల్లంగి, చేతబడి అనుకుంది లేయమ్మ. ప్రతి ఇంటినుంచీ ఏదో తీసుకుపోతోంది, ప్రతి ఇంట్లో ఏదో తాగిస్తోంది. ఆ రోజుల్లో చిల్లంగి అని పేరు పడితే పళ్ళు రాలగొట్టి ఊరు దాటించేవారు. అది లేయమ్మకు తెలుసు, దీనమ్మకూ తెలుసు.

పని అయ్యాక లేయమ్మ అడ్డం నిలబడింది. "అచ్చు ఇక్కడ పెట్టి వెళ్ళు దీనమ్మా. రేపు మా ఇంట్లోనేగా."

"వద్దమ్మాయ్. నేను లేకపోతే అది మాట వినదు."

ముగ్గురు నేస్తాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇనుము మాట వినడమేమిటి!

"ఒడిలో ఏం దాచావు?" అంది లేయమ్మ.

దీనమ్మ తన కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"పాలు నువ్వెందుకు తాగవు?"

దీనమ్మ తపేలా ఎత్తుకుని కదలబోయింది. లేయమ్మ అచ్చు లాక్కుంది. "పండగ వెళ్ళనీ. పెద్దల దగ్గర తేలుద్దాం నీ సంగతి."

దీనమ్మ వెళ్ళబోతూ తిరిగి చూసింది. "అమ్మాయ్, ఒక్క మాట. దాన్ని కడగకు. ఏం చేసినా కడగకు."

"విన్నారా?" అంది రిబ్కమ్మ. "కడిగితే పోయేది ఏదో దానికి పూసింది!"

కడిగారు. చింతపండు పెట్టి ఒకసారి, బూడిద పెట్టి ఒకసారి, ఇటుకపొడి పెట్టి ఒకసారి. ఏళ్ళనాటి నల్లజిడ్డంతా పోయి అచ్చు కొత్త వెండిలా మెరిసింది. "చూడు, ఎంత విషం వదిలిందో," అంది లేయమ్మ మురికి నీళ్ళు పారబోస్తూ.

మూడో రోజు లేయమ్మ పెరట్లో పొయ్యి వెలిగింది. సలోమి బియ్యప్పిండిలో కొబ్బరిపాలు, గుడ్లు, బెల్లం, నువ్వులు వేసి కలిపింది. లేయమ్మ అచ్చు పట్టింది. కళ్ళు మూసుకోమని అనేవాళ్ళు లేరు. అందరూ చూస్తూనే ఉన్నారు.

మొదటి పువ్వు అచ్చును వదల్లేదు. పుల్లతో పొడిస్తే ముక్కలైంది.

రెండోదీ అంతే.

మూడోదీ అంతే.

రిబ్కమ్మ సలోమి చేతులకేసి చూసింది. తబితమ్మ నేలకేసి చూసింది. సలోమి పిండిచేతులు కొంగు కింద దాచుకుంది.

"నేనంటున్నానని కాదు గానీ లేయా," అంది రిబ్కమ్మ. "పొద్దుగూకేలోపు పడవుంది."

"అచ్చు కడిగింది మనం కదే," అంది లేయమ్మ.

"కడిగితే మంచిదవ్వాలి గానీ చెడ్డదవుతుందా? చేతి దోషం చేతిదే."

"అత్తయ్యా," అంది సలోమి, "పిండి సరిగ్గానే కలిపానండి."

ఆ పిల్లను చూస్తే లేయమ్మకు అనుమానం వచ్చింది. ఈసారి తన మీదే. అచ్చు గుడ్డలో చుట్టి తోట దారి పట్టింది.

దీనమ్మ పాక ముందు మూట కడుతోంది. పెద్దల దాకా వస్తే ఏమవుతుందో తెలుసు కనుక తనే పడవ ఎక్కి పోదామనుకుంది. లేయమ్మ అచ్చు విప్పి చూపింది. దీనమ్మ దాన్ని చూసి తల పట్టుకుంది.

"కడిగావా!"

"కడిగాను. పువ్వులు విరిగాయి. నువ్వు కట్టిన చిల్లంగి విప్పు దీనమ్మా. ఆ పిల్ల ఏం చేసిందని?"

"కట్టిందేమిటే నా మొహం! ఇనుముకు నూనె ఇంకాలి. ఏళ్ళతరబడి తాగించాను దానికి. ఒక్క పూటలో గీకిపారేశారు." దీనమ్మ అచ్చును కొంగుతో తుడిచింది. "సన్నటి సెగ మీద నూనెలో ఉంచు. పొద్దు వాలేదాకా కదపకు. అప్పుడు విడుస్తుంది. కానీ మొదటిది మటుకు విరుగుతుంది."

"విరుగుతుందా?"

"ఎప్పుడూ విరుగుతుంది అమ్మాయ్. ఇనుము కాగి, పిండి రుచి మరిగేదాకా మొదటి పువ్వు నిలవదు. ఈ లంకలో ఏ కోడలిదీ నిలవలేదు."

దీనమ్మ మూట విప్పింది. అందులో రెండు చీరలు, ఒక గిన్నె, ఒక పొట్లం. చీరలకు నడుము దగ్గర నూనె మరకలు, కాలిన చారలు. పొట్లంలో రిబ్కమ్మ ఇంటి విరిగిన పువ్వు, తబితమ్మ ఇంటి విరిగిన పువ్వు.

"ఇవేం చేస్తావు?"

"ఏం చేస్తాను, తింటాను. నా పండగంతా అవే."

"మరి పాలెందుకు తాగవు?"

"చేదు. నాకు గిట్టదు. మీకిష్టమని కాస్తాను."

లేయమ్మకు నవ్వొచ్చింది, ఆగిపోయింది. "నేను వచ్చిన ఏడు మా అత్త కర్రలా నిలబడి చూసింది. అప్పుడు నాదీ విరిగిందా?"

"నీదా?" దీనమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. "నీవి మూడు విరిగాయి. నీళ్ళపిండి కలిపావు. ప్రార్థన రెండుసార్లు చెప్పించాను, గుర్తులేదూ?"

గుర్తుంది. అప్పట్లో అది భక్తి అనుకుంది లేయమ్మ.

"పడవెక్కకు అత్తా," అంది. దీనమ్మను ఆమె అత్తా అని పిలవడం అదే మొదలు.

పొద్దు వాలేవేళకు నేస్తాలను మళ్ళీ పిలిచింది. అచ్చు నూనె తాగి నల్లబడింది. లేయమ్మ దాన్ని పిండిలో ముంచి నూనెలో పెట్టింది.

"పొగ వస్తోంది, కళ్ళు మూసుకోండి. పరలోక ప్రార్థన చెప్పుకోండి."

"పొగేదే?" అంది రిబ్కమ్మ.

"వస్తోందన్నానా! మూసుకో."

మూసుకున్నారు. మొదటి పువ్వు విరిగింది. లేయమ్మ దాన్ని లాగి ఒడిలో వేసుకుంది. చీర దాటి పొట్ట చురుక్కుమంది. నోరు విప్పకుండా రెండోది వేసింది. కళ్ళు తెరిచేసరికి నూనెలో నిండు పువ్వు. రిబ్కమ్మ సలోమి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. సలోమి మాత్రం అత్తగారి ఒడికేసి చూసింది. ఆ పిల్ల కూడా ఒక కన్నే మూసుకుంది.

మరుసటి క్రిస్మస్ దాకా దీనమ్మ బతకలేదు. వానాకాలంలో జ్వరం వచ్చి కన్నుమూసింది. సమాధి దగ్గర చర్చి అయ్యగారు ప్రార్థన ముగించాక, లేయమ్మ అందరి ముందూ అంది. "నేను కోడలిగా వచ్చినప్పుడు నావి మూడు పువ్వులు విరిగాయి. దీనమ్మత్త దాచింది. మీవీ దాచింది. ఇళ్ళకెళ్ళి ఆలోచించుకోండి."

ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. అందరికంటే పెద్దామె, ఎనభై ఏళ్ళ మనిషి, ముందు ఏడ్చింది. ఆ తర్వాత ఆ లంకలో పువ్వు విరిగితే పడవెక్కించాలన్న మాటే ఎవరూ ఎత్తలేదు.

లంక తర్వాత గోదాట్లో కలిసిపోయిందంటారు. ఊరి వాళ్ళు ఒడ్డున స్థిరపడ్డారు. ఇప్పుడు ఇంటింటికీ అచ్చుంది. అయినా పండగకు నూనె కాగగానే, గ్యాసు పొయ్యి మీదైనా సరే, పెద్దామె "పొగ వస్తోంది, కళ్ళు మూసుకోండి" అంటుంది. చిన్నాపెద్దా అందరూ మూసుకుంటారు. విరిగిన మొదటి పువ్వును "ఇది దీనమ్మది" అని పక్కన పెడతారు. కొత్త కోడలు దాన్ని నల్లపాలల్లో ముంచుకుని అందరికంటే ముందు తింటుంది.

అచ్చును ఎవరూ కడగరు. ఒక కన్ను తెరిచి చూసేవాళ్ళు మాత్రం ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్ళను ఎవరూ ఏమీ అనరు. రేపు అచ్చు పట్టేది వాళ్ళే.

కథ నూనెలో తేలింది. ఇక మీ నల్లపాల గ్లాసులు అందుకోండి.