మోకాళ్ళ నొప్పి

ఓబులమ్మ నోరు విప్పి ఎందుకు చెప్పలేదో దస్తగిరికి ఎంతకీ అంతుపట్టలేదు. ఆమెను మట్టి చేసిన మర్నాడు కోడలు దర్గాకు వచ్చి, మెట్ల మీద కూలబడి సంగతి చెప్పింది. శవానికి నీళ్ళు పోసేటప్పుడు ఆడవాళ్ళు చూశారట. ఎడమ రొమ్ము పుండై కుళ్ళిపోయి ఉందట. ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ దర్గాలో పూర్వం నుంచీ ఒక ఆనవాయితీ ఉండేది. బాబా పచ్చ పరదా వెనక కూర్చునేవాడు. ఏ మతంవాళ్ళయినా ఇవతల కూర్చుని, కడుపులో ఉన్నది మెల్లగా చెప్పుకునేవాళ్ళు. చెప్పేదెవరో ఆయన చూసేవాడు కాదు. కొందరికి దువా చేసేవాడు. రోగమని తోస్తే దర్గా జీపులో పట్నం ఆసుపత్రికి పంపేవాడు.

జనం పెరిగారు. పొద్దస్తమానం కూర్చోలేక ముసలివాళ్ళు సొమ్మసిల్లుతున్నారని, శిష్యుడు దస్తగిరి హాల్లో కంప్యూటర్ పెట్టించాడు. బాబా వద్దనలేదు. కంప్యూటర్ కెమెరాకు వెలుతురు చాలదని దస్తగిరి పరదా విప్పేశాడు. మైకులో బాధ చెబితే కంప్యూటర్ దాన్ని పైకి చదివి, సరేనా అని అడిగేది. సరేనంటే బాబాకు చూపించడానికి బాధ రాసిన చీటీ వచ్చేది. అందరికీ వినపడాలని సౌండు కూడా పెంచాడు పుణ్యాత్ముడు.

తర్వాత జనం పల్చబడ్డారు. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అనుకున్నాడు దస్తగిరి.

ఓబులమ్మ మాత్రం గురువారం గురువారం వచ్చేది. తన వంతు రాగానే, మీరు కానీండి అని వెనకవాళ్ళను ముందుకు పంపేది. ఒకనాడు దస్తగిరి ఆమె చెయ్యి పట్టుకుని మైకు ముందుకు తీసుకొచ్చాడు. కరవదులే అవ్వా, మాట్లాడమన్నాడు. వరసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. మోకాళ్ళ నొప్పులని చెప్పి చీటీ తీసుకుంది. అది చూసి బాబా నూనె ఇచ్చి పంపాడు. మళ్ళీ ఆమె రాలేదు.

కోడలు వెళ్ళాక దస్తగిరికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"కంప్యూటర్ తెలుగులోనే అడుగుతాది కదా బాబా. దానికి అన్నీ నేర్పించినా. చదువులేని భయం కాకపోతే, ఒక్కమాట చెప్పలేకపోయెనా?"

బాబా చేతికర్ర అందుకుని లేచి, అతన్ని హాల్లోకి పిలుచుకుపోయాడు. వరసలో పదిమంది ఉన్నారు. అందులో దస్తగిరి మేనత్త కూడా ఉంది. బాబా అతన్ని కంప్యూటర్ ముందు నిలబెట్టి, చెవి దగ్గరికి వంగాడు.

"మొట్టమొదట పరదా అవతల కూర్చుని నాకేం చెప్పినావో, అది దీనికి చెప్పు."

దస్తగిరికి ఆనాడు చెప్పుకున్నది గుర్తొచ్చింది. మంచంపట్టిన తండ్రి నీళ్ళు నీళ్ళు అని పిలుస్తుంటే, విసుగు పుట్టి, విననట్టు పడుకున్నాడు. తండ్రి మళ్ళీ పిలవలేదు. ఈ సంగతి తనకూ బాబాకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

మీ బాధ చెప్పండి అంది కంప్యూటర్, హాలంతా మోగేలా. అతను వెనక్కి తిరిగి వరసలో ఉన్న మేనత్తను చూశాడు. అది మళ్ళీ అడిగింది.

"చెప్పు నాయనా, ఏం నొప్పి?" అంది మేనత్త ఆప్యాయంగా.

"తలనొప్పి" అన్నాడు దస్తగిరి.

కంప్యూటర్ ఆ మాటే పైకి చదివి, సరేనా అంది. అతను తల ఊపాడు. దానికి తల ఊపడం తెలియదు. సరే అని నోటితో అన్నాక చీటీ వచ్చింది.

బాబా ఆ చీటీ తీసుకుని చదివాడు.

"ఓబులమ్మకు నేనే నూనె ఇచ్చి పంపినా" అన్నాడు.

దుమ్ము పడకుండా కంప్యూటర్ మీద కప్పే ఆ పాత పచ్చ పరదా పక్కనే మడిచి ఉంది. బాబా దాన్ని తీసి శిష్యుడి చేతుల్లో పెట్టాడు.

"పరదా కట్టు నాయనా. ఆయమ్మ ఇంక రాదు. అయినా కట్టు."