లోపల లేని అడవి

యాసీన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో గుడ్డ మీద గీసిన పటం. ముఖంలో సంతోషం ఆగడం లేదు.

"బాబా! అయిపోయింది. చూడండి!"

ఫకీరు నూరుల్లా షా గుడిసె ముందు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు. చేట పక్కన పెట్టాడు.

గుడిసె వెనక కొండ కింది అడవంతా జాగీర్దారుది. మిరప వేయడానికి నిరుడే తూర్పు పక్క నరికించాడు. మిగిలింది కూడా నరికించబోతున్నాడని తెలిసి ఫకీరు వెళ్ళి అడిగాడు. ఆయన మాట కాదనలేక, "నూరెకరాలు వదిలేస్తాను. ఏ నూరెకరాలో మీరే గుర్తులు పెట్టండి. ఆదివారం పొద్దున గొడ్డళ్ళు దిగుతాయి" అన్నాడు జాగీర్దారు.

యాసీన్ పటం తెచ్చిన ఆ రోజు శుక్రవారం.

ఫకీరు దగ్గరికి రాకముందు యాసీన్ భూముల సర్వేలో కొలత గొలుసు పట్టేవాడు. అందుకే గుర్తులు పెట్టే పని ఫకీరు అతనికి అప్పగించాడు.

"వాగుకూ బాటకూ నడుమ, వాగు పొడుగునా తీసుకున్నాను బాబా. మూడు మైళ్ళ పొడవు, తొంభై రెండు గజాల వెడల్పు. లెక్కకు నూరెకరాలు! బాటన పోయే ప్రతి మనిషికీ నీడ దొరుకుతుంది. ఎక్కడ నిలబడినా మన అడవి కనిపిస్తుంది!"

ఫకీరు పటాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు.

"బాగుంది. దీనికి లోపల ఎక్కడుంది?"

"లోపలేమిటి బాబా?"

ఫకీరు లేచాడు. "గొలుసు తీసుకో. చెప్పులు ఇక్కడే వదిలెయ్."

నిరుడు నరికిన చేను అంచుకు తీసుకెళ్ళాడు. అక్కడి నుంచి అడవి మొదలవుతుంది.

"కొలుస్తూ లోపలికి నడు. కాలికి తడి తగిలితే చెప్పు."

యాసీన్ నడిచాడు. ఇరవై రెండు గజాల గొలుసు ఒకసారి పరిచాడు. పులికంప ముళ్ళు కాళ్ళు గీరాయి. ఎండుటాకులు పటపటమన్నాయి. చేను మీది వేడిగాలి వీపుకు కొడుతూనే ఉంది. రెండో గొలుసు పరిచాడు. ఎండ ఇంకా నేల మీద మచ్చలుగా పడుతోంది. కొన్ని చెట్లు నిలువునా ఎండిపోయి ఉన్నాయి.

మూడో గొలుసు చివర అతని పాదం చల్లటి మెత్తటి ఆకుల్లోకి దిగింది. గాలి ఆగిపోయింది. రాళ్ళ మీద నాచు. పొదల కింద ఏదో పిట్ట ఆకులు తిరగేస్తోంది. అతన్ని చూసి రెండు గంతులు వేసి మళ్ళీ తన పనిలో పడింది.

"తడి, బాబా!" అని కేక వేశాడు.

"ఎంత?"

"మూడు గొలుసులు. అరవై ఆరు గజాలు."

అన్నాక యాసీన్‌కు తన పటం గుర్తొచ్చింది. వాగు వైపు నుంచి ఎండ అరవై ఆరు గజాలు లోపలికి వస్తుంది. బాట వైపు నుంచి అరవై ఆరు. తన అడవి వెడల్పు మొత్తం తొంభై రెండు.



"బాబా... నా నూరెకరాల్లో ఈ పిట్టకు గజం చోటు లేదు."



యాసీన్ చటుక్కున కూలబడి, ఆకులు పక్కకు నెట్టి, తడి మన్ను మీద వేలితో గుండ్రంగా గీశాడు. పెదవులు కదుపుతూ లెక్క కట్టాడు. కళ్ళు మెరిశాయి.

"అవే నూరెకరాలు బాబా! నడుమ నుంచి ఎటు చూసినా పద్దెనిమిది గొలుసులకు పిసరు తక్కువ. మూడు ఎండకు పోయినా ఇంకా పద్నాలుగు మిగులుతాయి! నడిమి చోటు ఇక్కడ కాదు, ఇంకా లోపలికి రండి!"

ముసలాయన చెయ్యి పట్టుకుని దాదాపు లాక్కుపోయాడు. దారి పొడుగునా గట్టిగా లెక్క పెట్టాడు. పదిహేనో గొలుసు చివరకు కాస్త ముందు ఆగాడు.

"ఇదే!"

ఫకీరు ఆయాసం తీర్చుకున్నాడు. భుజం మీది తువ్వాలు పరిచి కూర్చున్నాడు.

"బాటన పోయేవాళ్ళకు నీడ?" అని అడిగాడు.

"బాట పక్కన మొక్కలు నేను నాటుతాను బాబా. ఈ చోటును నేను నాటలేను."

"సరే. నేనిక్కడి నుంచి కదలను," అన్నాడు ఫకీరు. "నా చుట్టూ గియ్యి."

యాసీన్ గొలుసు భుజాన వేసుకుని పరుగు తీశాడు.