గోడ మీద మాత్ర చోటు

బంగారయ్య ఇంట్లో తెలివి నిండిపోయి ప్రహరీ గోడ మీదికి కూడా ఎక్కిందని ఆ ఇంటివాళ్ళే చెప్పుకునేవాళ్ళు. గోడెక్కిన ఆ తెలివి మరేదో కాదు, ఆయన కొడుకులు. పెద్దాడు కోటప్ప, చిన్నాడు నూకరాజు. వీధి కబుర్లు పొయ్యి దగ్గరున్న కోటప్ప పెళ్ళాం సూరమ్మకి అందించడమే వాళ్ళ పని. కోటప్ప ఒక్కడే ఉంటే "చేపలామె వచ్చింది" అంటాడు. నూకరాజు ఒక్కడే ఉంటే "ఎవరో బుట్టతో వచ్చారు" అంటాడు. ఇద్దరూ పక్కపక్కన చేరారా, "బుట్టలో ఏదో కదుల్తోంది, పామే" అని తేలుస్తారు. అంతే, సూరమ్మ వేణ్ణీళ్ళ చెంబుతో పరిగెత్తుకొస్తుంది. పాపం, చేపలామె ఆ వీధే మానేసింది.

ఇలా ఉండగా బంగారయ్య మెడ మీద గడ్డ లేచింది. ముందు రేగిపండంత, తర్వాత నిమ్మకాయంత. ముద్ద దిగడం కష్టమైంది. కొడుకులకి తండ్రంటే ప్రాణం. బెంగపడిపోయి పట్నం తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "ఒంట్లో ప్రతి కణమూ ఒక ఇల్లనుకోండి. గోడ మీద కాపలావాళ్ళుంటారు. బయటి కబురు లోపలికి చెప్పేది వాళ్ళే. విడివిడిగా ఉంటే ఒక మాట చెప్తారు, జతకడితే ఇంకో మాట. మీ నాన్న ఒంట్లో కలవకూడని ఇద్దరు జతకట్టి, ఎదగండి ఎదగండి అని లోపలికి చెప్తున్నారు. అందుకే ఈ గడ్డ. ఈ మాత్ర వెళ్ళి ఆ ఇద్దరి మధ్య కూర్చుంటుంది. రోజుకొకటి, మర్చిపోకండి."

బస్సులో అన్నదమ్ములు తలలు దించుకున్నారు.

"అన్నా, గోడ మీద కూర్చునే ఇద్దరంటే మనమే కదా."

"మనమేరా. ఆవిడ మర్యాదస్తురాలు, మొహం మీద చెప్పలేక కణం అంది."

ఇంకేముంది, మర్నాడు ఇద్దరూ ఎడంగా కూర్చుని మధ్యలో మాత్ర పెట్టారు. కాకి ఎత్తుకెళ్ళింది. మరో మాత్ర పెట్టి చెంబు బోర్లించారు. దానికి ఊపిరాడదేమోనని సూరమ్మ జాలిపడి చెంబు తీసింది, అది కాస్తా వానకి కరిగిపోయింది. అప్పుడిక మాత్రని గోడ సందులో దూర్చి బంకమట్టితో మెత్తేశారు. ఇటు గడ్డ నారింజంత అయింది. గంజి కూడా దిగక బంగారయ్య, "ఒరే, మీరింకా దగ్గరగానే కూర్చుంటున్నార్రా" అని కొడుకుల మీద విసుక్కున్నాడు.

మళ్ళీ పట్నం. అంతా విని డాక్టరమ్మ తల పట్టుకుంది.

"మాత్ర గోడకి కాదయ్యా, మీ నాన్నకి. ఆయన చేత మింగించండి."

"ఆయన మింగేస్తే మా మధ్య ఎలా కూర్చుంటుందండీ?" అన్నాడు నూకరాజు.

"ఎక్కడ కూర్చోవాలో దానికి తెలుసు. మీరు మింగించండి చాలు."

దారంతా ఆలోచించారు. ఇల్లు చేరేసరికి కోటప్పకి వెలిగింది. "మాత్ర నాన్నలో ఉంటుంది. నాన్న మన మధ్య ఉంటాడు. అంతే కదరా."

అంతే. రోజూ పొద్దున్నే బంగారయ్యకి అతి కష్టం మీద మాత్ర మింగించడం, చెరో రెక్కా పట్టి గోడెక్కించడం. గడ్డ తగ్గుతూ తగ్గుతూ మళ్ళీ రేగిపండంత అయింది. ఆయన పప్పన్నం తిన్న రోజు సూరమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

కొన్నాళ్ళకి డాక్టరమ్మ పక్క ఊరొచ్చి, పనిలో పనిగా వీళ్ళనీ చూడ్డానికొచ్చింది. గోడ మీద ముగ్గురూ వరసగా కూర్చునున్నారు. మెడ తడిమి చూస్తే గడ్డ మళ్ళీ నిమ్మకాయ దారి పట్టింది.

"మాత్రలు సరిగ్గా వేస్తున్నారా?"

"ఆపేశామండి," కోటప్ప గర్వంగా చెప్పాడు. "చేదని నాన్న ఒకటే గోల. పనంతా చేసేది గోడే కదా అని మిగిలినవన్నీ దానికే పెట్టేశాం."

ఆవిడ సంచిలోంచి మాత్ర తీసి బంగారయ్య చేతిలో పెట్టింది. ఆయన నీళ్ళకోసం గోడ దిగి లోపలికెళ్ళాడు. ఆవిడ గోడ మీద ఖాళీ అయిన చోట కూలబడింది.

నూకరాజు గాభరాగా లేచి నిలబడ్డాడు.

"లేవండి డాక్టరమ్మా, అది మాత్ర చోటు. ఏమీ మింగకుండా అక్కడ కూర్చోకూడదు."