చెక్క తలుపుల టీవీ పోటీ

పెద్దాపురం గడియారం వీధిలో చింతలపాటి వారి ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఆ మాట ఎవరన్నారంటారా? చింతలపాటి వారే అన్నారు. ఇంకెవరూ అనకపోయేసరికి, పాపం, ఆ శ్రమ కూడా వాళ్ళే తీసుకున్నారు.

ఇంటి పెద్ద రామలింగం. డాక్టరు ఉప్పు ముట్టుకోవద్దన్నాడని ఆ రోజు నుంచీ చేత్తో ముట్టుకోకుండా గరిటెతోనే వేసుకుంటున్నాడు, అంత నియమం. ఆయన తమ్ముడు గున్నేశ్వరం. గోడకి ఆనుకోకండి, రంగు వేశాం అని రాసి ఉంటే, రంగు ఆరాక కూడా ఆరునెలలు ఆ గోడ పక్కకి పోలేదు. గున్నేశ్వరం భార్య సత్యవేణి. పొయ్యి మీద పాలు చూస్తూ ఉండమంటే, పొంగి, మాడి, గిన్నె నల్లబడేదాకా రెప్ప వేయకుండా చూసింది. ఇక రామలింగం భార్య తాయారమ్మ. ఆ ముగ్గురికీ తెలివి నేర్పింది తనే అని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని మనం కూడా కాదనక్కర్లేదు. ఫలితాలు కళ్ళెదురుగానే ఉన్నాయి కదా.

తాయారమ్మకి లోకంలో ప్రాణంతో సమానమైనది ఒకటే ఉంది. టీవీ. ఇప్పటి పలక లాంటి టీవీ కాదు. పక్కలకి జరిగే చెక్క తలుపులూ, వాటికి తాళం, నాలుగు కాళ్ళూ ఉన్న టీవీ. పదేళ్ళు కుట్టుమిషను తొక్కి, వీధిలో వాళ్ళందరి జాకెట్లూ కుట్టి ఎనభైనాలుగులో కొనుక్కుంది. ఆ వీధికంతటికీ అదొక్కటే టీవీ. ఆదివారం సాయంత్రం సినిమా అంటే వీధి వీధంతా వాళ్ళింట్లోనే. ముందు వచ్చినవాళ్ళకి చాప, తర్వాత వచ్చినవాళ్ళకి గచ్చు, ఆఖర్న వచ్చినవాళ్ళకి గుమ్మం బయట. ఆ పద్ధతి పెట్టింది తాయారమ్మే. ఆ టీవీ మూగబోయి పాతికేళ్ళు దాటింది. అయినా రోజూ తుడుస్తుంది, గుడ్డ కప్పుతుంది, మొన్నటికి మొన్న దిష్టి కూడా తీసింది.

అలాంటిది, ఒకనాడు ఏం జరిగిందంటే, గడియారం వీధి పాత కాపురస్తులందరూ కలిసి పెట్టుకున్న ఫోను గ్రూపులో కోటిరత్నం ఒక మాట రాసింది. కోటిరత్నం ఒకప్పుడు ఎదురింటావిడ. ఇప్పుడు అనకాపల్లిలో బెల్లం కొట్టు నడుపుతోంది. నాలుక మాత్రం బెల్లం కాదు.

"చింతలపాటి వారి తెలివి చల్లగా ఉందా? ఎక్కడా వాడకుండా భద్రంగా దాచుకున్నారు కదా!" అని రాసింది.

ఇంకేముంది, రామలింగానికి పౌరుషం వచ్చింది. "మన తెలివేమిటో లోకానికి చూపిస్తాను. ఆన్‌లైన్లో పోటీ పెడతాను. ఎనభైల నాటి సినిమాలు, పాటలు, రేడియో, టీవీ, వీటి మీద ప్రశ్నలు. గెలిచినవాళ్ళకి బహుమతి..." అని నాలుగు దిక్కులా చూశాడు. ఎనభైల నాటి వస్తువు ఇంట్లో రెండే ఉన్నాయి. ఒకటి టీవీ, రెండోది తాయారమ్మ కోపం. "మన టీవీ!" అన్నాడు. అని ఊరుకోలేదు, గ్రూపులో కూడా రాసేశాడు.

తాయారమ్మ పరుగున వచ్చి టీవీకి అడ్డంగా నిలబడింది. "ఏవండీ, నా టీవీ మీరెలా ఇస్తారండీ?"

"ఇవ్వడమేమిటే? గెలిచినవాళ్ళు పట్టుకుపోతారు. మనం ఇచ్చినట్టెలా అవుతుంది?" అన్నాడాయన. ఆ మాటకి జవాబు దొరికితే తాయారమ్మకి చెప్పండి. మీకూ దొరకదు, నాకు తెలుసు.

అయినా ఆవిడ ఊరికే ఉండే రకం కాదు. పోటీకి ప్రశ్నలు తనే రాస్తానంది. తన ఇంట్లోవాళ్ళకి తప్ప భూమ్మీద ఎవరికీ తెలియని ప్రశ్నలు రాస్తే ఎవరూ గెలవరు, టీవీ ఇల్లు కదలదు. ఎంత తెలివో చూడండి. చింతలపాటి వారి చరిత్రలో పనికొచ్చేలా ఉన్న ఆలోచన ఇదొక్కటే. అందుకే గుర్తు పెట్టుకోండి, దీనికే ఎక్కువ ఖర్చయింది.

పోటీ ఎలా నడపాలో చెప్పమని హైదరాబాదులో ఉన్న మేనకోడలు శ్రావ్యకి ఫోను చేశారు. ఆ అమ్మాయి కాలేజీలో పాఠాలు చెబుతుంది, ఓపికమంతురాలు. ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది.

"అత్తయ్యా, జవాబులు రాసిన కాగితం ఎవరి కంటా పడకూడదు."

అంతే, తాయారమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని జవాబులు రాసింది. తనూ ఎవరో ఒకరే కదా! రాసి, టీవీ తలుపుల వెనక పెట్టి, తాళం వేసి, తాళంచెవి ఎవరికీ దొరక్కుండా టీవీ వెనకున్న గాలి కంతల్లోంచి లోపలికి జారవిడిచింది. టంగుమని చప్పుడైంది. "ఇప్పుడు దొంగ వచ్చినా ఏం చేయలేడు" అంది. నిజమే. ఇంటివాళ్ళు కూడా ఏం చేయలేరు.

"మామయ్యా, చూసేవాళ్ళకి ఎనభైల్లో ఉన్నట్టే అనిపించాలి. ఇంట్లో అప్పుడు లేని వస్తువులేవీ కనపడకుండా తీసేయండి."

అంతే, మిక్సీ పోయింది, గ్యాసు పొయ్యి పోయింది, గోడ గడియారం పోయింది. "ఎనభైల్లో ఇంటర్నెట్ మాత్రం ఉందా?" అని రామలింగం నెట్ పెట్టె ఊడబీకి, తీగతో సహా చుట్టి అటక మీద పడేశాడు. ఆ తర్వాత నలుగురూ ఫోను ముందు కూర్చుని, పోటీ ఇంకా మొదలవదేమిటా అని గంటసేపు ఎదురు చూశారు. సత్యవేణి అయితే రెప్ప కూడా వేయలేదు.

శ్రావ్యే మళ్ళీ ఫోను చేసి, సంగతి మొత్తం వింది. ఓపికమంతురాలు అన్నాను కదా. "సరే. చిన్నమామయ్య ఫోన్లోంచి మీ ఫోనుకి నెట్ వచ్చేట్టు నేను చెప్తాను. సిగ్నల్ బాగా అందే ఎత్తులో పెట్టండి ఆ ఫోను. కదపకండి."

ఎత్తు అంటే దాబా. గున్నేశ్వరం నిచ్చెనెక్కి దాబా మీదికి పోయాడు. అక్కడ పాత యాంటెన్నా గొట్టం ఇంకా ఉంది. దాన్ని ఒక చేత్తో కౌగలించుకుని, రెండో చేత్తో ఫోను ఆకాశానికెత్తి నిలబడ్డాడు. వెనకటికి ఆదివారాలప్పుడు యాంటెన్నా తిప్పింది కూడా ఆయనే.

"వచ్చిందా?" అని అరిచాడు.

"రాలేదు!"

"ఇప్పుడో?"

"వచ్చింది, వచ్చింది! అలాగే ఉండు. నేను దిగమనేదాకా దిగకు!" అన్నాడు రామలింగం.

"మరో మాట మామయ్యా, ప్రశ్నలడిగేది ఒక్కరే. మిగిలినవాళ్ళు నోరు విప్పకండి" అంది శ్రావ్య. ప్రశ్నలు చదవడం సత్యవేణి వంతు. తాయారమ్మ ప్రశ్నలు రాసింది కాబట్టి అవునో కాదో చెప్పడం ఆవిడ వంతు. రామలింగం నోరు మూసుకున్నాడు. మళ్ళీ విప్పమని ఎవరూ చెప్పలేదు సుమా, ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

"ఆఖరి సంగతి, ఎవరు ముందు చెప్తే వాళ్ళకే మార్కు" అని శ్రావ్య ఫోను పెట్టేసింది. పెట్టేసి ఏ తలనొప్పి మాత్ర వేసుకుందో మనకి తెలీదు.

సాయంత్రం అయిదింటికి పోటీ మొదలైంది. ఇరవైమంది వచ్చారు. సత్యవేణి గొంతు సవరించుకుంది. "మొదటి ప్రశ్న. మా టీవీ మీద కప్పిన గుడ్డ మీద ఏ బొమ్మలుండేవి?"

"హలో, వినపడుతోందా?" అన్నారు కాకినాడ నుంచి విశ్వనాథం మాష్టారు.

"మాష్టారికి ఒక మార్కు!" అంది సత్యవేణి.

"అదేంటే! ఆయనేం చెప్పాడని?" అని అరిచింది కోటిరత్నం.

"ముందు చెప్పారు కదండీ. ఎవరు ముందు చెప్తే వాళ్ళకే."

"నీ తెలివి తెల్లారిపోనూ! సరైన జవాబు ముందు చెప్పినవాళ్ళకే పిల్లా! రెండు బాతులు. ఎడమ పక్క బాతుకి కన్ను కుట్టలేదు."

తాయారమ్మ ఉలిక్కిపడింది. ఆ కన్ను కుట్టబోతూండగా దారం అయిపోయింది. ఆ సంగతి కట్టుకున్న మొగుడికి కూడా తెలీదు. కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అబద్ధం చెప్పాలన్నా కాస్త తెలివుండాలి కదా, తాయారమ్మ "అవును" అనేసింది.

"రెండో ప్రశ్న. సినిమా మధ్యలో కరెంటు పోతే మా ఇంట్లో దీపం ఎక్కణ్ణించి తెచ్చేవాళ్ళం?"

"బియ్యం డబ్బా వెనక నుంచి. దాని చిమ్నీకి ఒక పక్క పగులు, కాగితం అంటించారు" అంది కోటిరత్నం.

"అవును" అంది తాయారమ్మ. గొంతు పీలగా వచ్చింది.

"మూడో ప్రశ్న. క్యాసెట్లో రీలు వదులైపోతే మా మరిది గారు దేంతో బిగించేవారు?" అని తాయారమ్మ రాసింది రాసినట్టే, తన మొగుణ్ణే మరిదిని చేసి చదివింది సత్యవేణి.

"పెన్నుతో అని అందరూ అంటారు. మీ మరిది మాత్రం చేపల పులుసులో గరిటె కాడతో!"

పైనుంచి గున్నేశ్వరం "నిజమే!" అని కేకేశాడు.

అలా తొమ్మిది ప్రశ్నలయ్యాయి. ఎనిమిది మార్కులు కోటిరత్నానివి. ఒకటి మాష్టారిది, హలోకి వచ్చింది, వెనక్కి తీసుకోలేదు. తాయారమ్మ వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టింది. ఎవరికీ తెలియకూడదని ఏరి ఏరి పెట్టిన ప్రశ్నలు ఈవిడకెలా తెలిశాయి? ఉండబట్టలేక అడిగేసింది.

"కోటిరత్నం వదినా, నువ్వు మా ఇంట్లో ఎప్పుడూ చాప మీద కూర్చోలేదే! ఇవన్నీ నీకెలా తెలుసు?"

"చాప మీద కూర్చున్నవాళ్ళు సినిమా చూశారమ్మా. గేదె పాలు పితికి వచ్చేసరికి నాకు ఎప్పుడూ గుమ్మం బయటే. అక్కణ్ణించి తెర కనపడదు. ఇంకేం చెయ్యను? మీ ఇల్లంతా చూసేదాన్ని."

తాయారమ్మ గుమ్మం వైపు తిరిగి చూసింది. రామలింగం కూడా చూశాడు, నోరు మాత్రం విప్పలేదు.

"ఆఖరి ప్రశ్న, దీనికి పది మార్కులు" అంది సత్యవేణి. తాయారమ్మ అప్పటికప్పుడు చెవిలో చెప్పిన ప్రశ్న ఇది. తెర మీది ప్రశ్న, గుమ్మం బయటివాళ్ళకి తెలిసే వీల్లేదు. "మా టీవీలో అందరికన్నా ఎక్కువసార్లు కనపడిందెవరు?"

చాలామంది తలో హీరో పేరూ చెప్పారు. ఒకాయన వార్తలు చదివే అమ్మాయన్నాడు. కోటిరత్నం నెమ్మదిగా అంది.

"ఎవరూ కాదు. ప్రసారం ఆగిపోతే వేసే, అంతరాయానికి చింతిస్తున్నాం అనే అట్ట."

"నీకు తెర కనపడదన్నావుగా!" అని గావుకేక పెట్టింది తాయారమ్మ.

"ఆ అట్ట వచ్చినప్పుడల్లా జనం మంచినీళ్ళకని లేచేవాళ్ళు. అప్పుడే నాకు తెర కనపడేది. మీ టీవీలో ఆరేళ్ళపాటు నేను చూసింది అదొక్కటే తాయారూ. అందుకే ఆ టీవీ నాక్కావాలి. చెడిపోతే పోయింది. దాని ముందు మధ్యలో కుర్చీ వేసుకుని ఒక్కసారి కూర్చోవాలి."

తాయారమ్మ కళ్ళు తుడుచుకుని "అవును" అంది. ఈసారి గొంతు బాగానే వచ్చింది.

ఇక బహుమతి. పోటీ, ఫలితాలు, బహుమతి, అన్నీ ఆన్‌లైన్లోనే అని రామలింగం గ్రూపులో రాశాడు. రాసిన మాట తప్పకూడదు. అంతే, మొగుడూ పెళ్ళాం చెరో పక్కా పట్టి టీవీని ఎత్తి ఫోను దగ్గరికి తెచ్చారు. అద్దానికి ఆనేట్టు పెట్టారు.

"అందుకో వదినా!" అంది తాయారమ్మ, కూతుర్ని సాగనంపినట్టు ఏడుస్తూ.

అనకాపల్లిలో కోటిరత్నానికి ఫోను నిండా నల్లటి చెక్క తప్ప ఏమీ కనపడలేదు. కొంచెంసేపు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. నవ్వి నవ్వి ఆయాసపడింది. వీళ్ళతో వాదించడం కన్నా బెల్లం దిమ్మతో వాదించడం నయం. "అందిందిలే తల్లీ, అందింది. ఎల్లుండి బండి కట్టించుకుని వస్తాను. అందాకా నా టీవీ మీ ఇంట్లోనే ఉండనివ్వండి."

టీవీని మళ్ళీ మధ్య గదిలో దాని చోట పెట్టారు. సత్యవేణి దాని ముందు చాప పరవబోయింది.

"ఆగవే!" అంది తాయారమ్మ. "అది ఇప్పుడు పరాయివాళ్ళ టీవీ. ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి ముందు కూర్చుంటే ఏం మర్యాద? ఆఖర్న వచ్చినవాళ్ళం మనమే కదా."

అంతే. ముగ్గురూ వెళ్ళి గుమ్మం బయట బారుగా కూర్చున్నారు. నలభై ఏళ్ళలో తాయారమ్మ తన టీవీని అక్కణ్ణించి చూడటం అదే మొదలు. మెడ ఎటు సాచినా తాళం వేసిన టీవీ తలుపు చెక్కే కనపడింది. కానీ వేలాడే ఉట్టి కనపడింది, గోడ మీద దేవుడి పటం కనపడింది, బియ్యం డబ్బా కనపడింది. "కోటిరత్నం చెప్పింది నిజమేనే, ఇల్లంతా కనపడుతుంది" అంది.

అంతలో మబ్బు పట్టి, చినుకులు మొదలయ్యాయి. తాయారమ్మ గాభరాగా ఫోను చేసింది. "వదినా, వాన వచ్చేట్టుంది. ఏం చెయ్యమంటావు?"

కోటిరత్నం కొట్లో బేరం హడావిడిలో ఉంది. "నా టీవీ తడవకుండా తలుపులు గట్టిగా వేసి, తాళం పెట్టండి. తాళంచెవి ఎవరికీ దొరక్కుండా భద్రం!" అని పెట్టేసింది.

ఇంకేముంది! కిటికీ రెక్కలు ఒక్కటి తప్ప అన్నీ మూశారు. వీధి తలుపు వేసి, బయటినుంచి ఇంత తాళం పెట్టారు. తాళంచెవి భద్రంగా ఉండే చోటేదో తాయారమ్మకి ఇదివరకే తెలుసు. మూయని ఆ ఒక్క కిటికీ ఊచల్లోంచి గురి చూసి టీవీ పక్కకి విసిరింది. టంగుమని చప్పుడైంది. ఆ కిటికీ కూడా గట్టిగా లాగి, గడియ పడేట్టు మూసేసింది.

"ఇప్పుడు దొంగ వచ్చినా ఏం చేయలేడు" అంది, తడిసిన కొంగు పిండుకుంటూ.

రామలింగం అవునని తలూపాడు. నోరు విప్పమని ఇంకా ఎవరూ చెప్పలేదు మరి. దాబా మీద కుండపోతలో, యాంటెన్నా గొట్టం పట్టుకుని, చెయ్యి ఆకాశానికెత్తి, గున్నేశ్వరం మాత్రం గట్టిగా అడుగుతూనే ఉన్నాడు.

"అన్నయ్యా! దిగమన్నావా?"