బొచ్చె చేప నోరు పైకెందుకు తిరిగింది

ఒకప్పుడు బొచ్చె చేప నోరు తిన్నగా ముందుకే ఉండేది. ఇప్పటిలా ఆకాశం వైపు తిరిగి ఉండేది కాదు. ఆ రోజుల్లో చేపలన్నీ చక్కగా మాట్లాడేవి కూడా. కాకపోతే వాటి మాట నీళ్ళలోనే వినిపించేది. నీళ్ళు దాటి పైకొచ్చిందా, సగం మాట బుడగలైపోయేది.

అప్పుడు కొల్లేటి సరస్సులో ఒక బొచ్చెమ్మ ఉండేది. పెద్ద తలకాయ, వెండి పొలుసులు, తన మాటే నెగ్గాలనే పట్టుదల. పొద్దున లేస్తే నీటికుక్కలు దాన్ని తరిమేవి. మధ్యాహ్నమైతే కొంగలు పొడవబోయేవి. ఈ మధ్యలోనే నాచు వెతుక్కుని కడుపు నింపుకోవాలి.

"ఇదీ ఒక బతుకేనా?" అని అది రోజూ విసుక్కునేది.

ఆ ఒడ్డునే పోతయ్య అనే ఆసామి ఉండేవాడు. చాలా మంచివాడు. ఎంత మంచివాడంటే, ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియకుండా పోతుందేమోనని తనే అందరికీ చెప్పేవాడు. అతను సరస్సు పక్కనే ఒక చెరువు తవ్వించాడు. చుట్టూ గట్టు వేసి, నీళ్ళు రావడానికి తూము పెట్టాడు. సరస్సులోకి నడుం లోతు దిగి కేకేశాడు.

"చేపల్లారా! నా చెరువుకి రండి. నీటికుక్కలు లేవు, కొంగలు లేవు. తిండి మీ ముందుకే వస్తుంది. మిమ్మల్ని మహారాజుల్లా చూసుకుంటాను!"

బొచ్చెమ్మకి ఆశ పుట్టింది. కానీ తెలివైనది కదా, ముందు అడిగింది. "అంతా బాగానే ఉంది. మళ్ళీ బయటికి రావాలంటే ఎలాగయ్యా?"

పోతయ్యకి బుడగలు మాత్రమే కనిపించాయి.

"ఒప్పుకున్నాయి!" అని మురిసిపోయాడు. తూము తెరిచాడు. జవాబు రాకపోయినా ఆశ ఆపుకోలేక బొచ్చెమ్మ, దాని వెనకే చెల్లెలి వరసయ్యే శీలావతి చేప, ఆ వెనక అడుగున పాకుతూ ముసలి మోసు చేప తాత, ఇంకా ఎన్నో చేపలు చెరువులోకి వచ్చాయి. తూము మూసుకుంది.

మొదట్లో నిజంగానే బాగుంది. పొద్దున్నే తవుడు పడేది. సాయంత్రం వేరుశనగ చెక్క పడేది. తరిమేవాళ్ళు లేరు. శీలావతి తన ఎర్రటి రెక్కలు చూసుకుంటూ, "అక్కా, నేను నున్నగా అయ్యాను కదూ?" అని అడిగేది.

పోతయ్య గట్టుమీద నిలబడి చెరువుని చూసి జాలిపడ్డాడు. "పాపం, వీటికి తోడు లేక దిగులుగా ఉన్నట్టుంది," అన్నాడు. మరికొన్ని చేపల్ని తెచ్చి వదిలాడు. మర్నాడు మళ్ళీ జాలిపడ్డాడు. ఇంకొన్ని తెచ్చాడు. అతని జాలికి అంతులేదు.

చివరికి చెరువులో తోక ఆడించాలంటే పక్కవాళ్ళని జరగమనాలి. వెనక్కి తిరగాలంటే నలుగురికి తగలాలి. ఒరుసుకుని ఒరుసుకుని పొలుసులు ఊడాయి. ఒకదాని రెక్క ఒకటి కొరికింది. శీలావతి ఒంటిమీద పుండ్లు లేచాయి. అది నున్నగా ఉన్నానా అని అడగడం మానేసింది.

తినగా మిగిలిన తవుడు అడుగున కుళ్ళింది. నీళ్ళు చిక్కబడ్డాయి. అడుగున ఉండే మోసు తాత ఒకరోజు, "అమ్మా, ఈ నీళ్ళలో ఊపిరి దొరకటం లేదే," అన్నాడు. మర్నాటికి వెల్లకిలా తేలాడు.

పోతయ్య ఆ ముసలి చేపని చేత్తో తీసి, కళ్ళు తుడుచుకున్నాడు. "అదృష్టవంతుడు. నా చెరువులో సుఖంగా తిని తిని, తృప్తిగా పోయాడు."

ఆ మాట విని బొచ్చెమ్మకి ఒళ్ళు మండింది.

"ఉండు, ఇతనితో నేనే మాట్లాడతాను," అంటూ పైకి లేచి, నీళ్ళ మీద తల పెట్టి గట్టిగా అరిచింది. "ప్రాణం పోతోంది! మా ప్రాణం పోతోంది!"

నీళ్ళు దాటేసరికి మాటలో సగం బుడగలైపోయింది. మిగిలింది "పో... పో..." అని మాత్రమే.

పోతయ్య చెవులు నిక్కబొడుచుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

"ఆదెమ్మా! ఓసి ఆదెమ్మా!" అని ఇంట్లో ఉన్న భార్యని కేకేశాడు. "ఇలా రావే! చేపలు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాయి!"

ఆదెమ్మ వచ్చి చూసింది. అప్పటికి చెరువు నిండా చేపలు నోళ్ళు తెరిచి "పో... పో..." అంటున్నాయి.

"ఆకలేసి పిలుస్తున్నాయేమోనయ్యా," అంది ఆదెమ్మ సందేహంగా.

"అంతే అయ్యుంటుంది! ప్రేమ ఉన్నచోట ఆకలి కూడా ఉంటుంది," అంటూ పోతయ్య ఇంకో గంపెడు తవుడు కుమ్మరించాడు. తవుడు మునిగింది. అడుగున కుళ్ళింది. నీళ్ళు ఇంకా చిక్కబడ్డాయి.

అలా ఉండగా ముసురు పట్టింది. ఎండ లేదు. గాలి కూడా కదలటం లేదు. తెల్లవారేసరికి చిన్న చేపలు ఒక పక్కకి ఒరిగిపోతున్నాయి. బొచ్చెమ్మ నీళ్ళపైకి తల పెట్టి చూస్తే, గాలి గట్టు పక్క జమ్ముగడ్డిలో ఒళ్ళు విరుచుకుంటూ పడుకుని ఉంది. బుడగల్లో ఉండేదీ గాలే కాబట్టి, దానికి మాత్రం చేపల మాట అర్థమయ్యేది.

"గాలమ్మా, ఒక్కసారి మా నీళ్ళలోకి రావూ?"

"నేనా? నీళ్ళలోకా?" గాలి ఉలిక్కిపడి లేచింది. "మునిగితే నాకు ఊపిరాడదమ్మా!"

"మాకు ఇప్పుడు ఆడుతోందా?"

గాలికి సిగ్గేసింది. మెల్లిగా చెరువు అంచుకి వచ్చింది. "సరే, నువ్వే నోరు పైకి పెట్టు. గుక్క గుక్కగా పోస్తాను. నోరు ముందుకుంటే మాత్రం ఎక్కడ పోయను?"

బొచ్చెమ్మ తల ఎత్తింది. తోక కిందికి దిగిపోయింది. నిలబడలేక జారిపోయింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ జారింది. ఇక లాభం లేదని కింది దవడని బలం కొద్దీ పైకి నెట్టింది. నెట్టగా నెట్టగా లోపల ఎక్కడో కలుక్కుమంది. కళ్ళు తిరిగాయి. కానీ నోరు ఆకాశం వైపు తిరిగింది.

గాలి అందులోకి ఒక గుక్క పోసింది. ఎంత చల్లగా ఉందో!

"చెల్లీ, నువ్వూ ఇలా చెయ్యి," అంది బొచ్చెమ్మ.

"అమ్మో, నా మొహం పాడైపోదూ?" అంది శీలావతి, ఆ పుండ్ల మొహంతోనే.

చేసేది లేక బొచ్చెమ్మ తను తాగిన గాలిని కిందికి తెచ్చి, బుడగలుగా దాని ముందు వదిలింది. చిన్న చేపల ముందు వదిలింది. మళ్ళీ పైకి వెళ్ళింది. కిందికీ పైకీ తిరిగి తిరిగి దాని రెక్కలు నొప్పెట్టాయి.

ఆ పొద్దున ఆదెమ్మ మొహం కడుక్కోవడానికి చెరువులో దిగింది. వంగేసరికి చెవికమ్మ జారి నీళ్ళలో పడింది. అయ్యో అనుకుంటూ తల ముంచి వెతికింది.

నీళ్ళలో అరుపులే అరుపులు. "ప్రాణం పోతోంది! ప్రాణం పోతోంది!"

ఆదెమ్మ కమ్మ సంగతి మరిచిపోయింది. తడి జుట్టుతో ఇంటికి పరిగెత్తింది.

"ఏవయ్యోయ్, అవి నిన్ను పిలవటం లేదు. ప్రాణం పోతోందని ఏడుస్తున్నాయి!"

"చేపలకి ఏడుపేమిటే? నా చెరువులో ఏం తక్కువైందని?"

"నన్ను అడగటం కాదు, వచ్చి తల ముంచి విను."

పోతయ్య నవ్వుకుంటూ వచ్చాడు. నవ్వుకుంటూనే తల ముంచాడు. ఎంతసేపటికీ లేవలేదు. లేచేసరికి కళ్ళు ఎర్రబడ్డాయి, గుండెలు ఎగసిపడుతున్నాయి.

"ఊపిరాడలేదే," అన్నాడు.

"వాటికీ అంతేనయ్యా."

పోతయ్య పరుగున వెళ్ళి తూము ఎత్తేశాడు. సరస్సు నీళ్ళు గలగలమంటూ లోపలికి దూకాయి. చేపల్లో సగాన్ని తిరిగి సరస్సులోకి పోనిచ్చాడు. కుళ్ళిన తవుడంతా తోడించాడు. తర్వాత గట్టుమీద కూలబడి, "ఆ మాటేదో అర్థమయ్యేలా చెబితే ముందే చేసేవాణ్ణి కదా," అని చేపల్నే మందలించాడు.

శీలావతి సరస్సులోకి వెళ్ళిపోయింది. బొచ్చెమ్మ మాత్రం చిన్న చేపల్ని వదల్లేక చెరువులోనే ఉండిపోయింది. నీళ్ళు తేటపడ్డాక గాలిని పిలిచి అడిగింది.

"గాలమ్మా, గండం గడిచింది. నా నోరు మళ్ళీ ముందుకు తిప్పిపెట్టవూ? అద్దంలాంటి నీళ్ళలో నన్ను చూసుకుంటే నాకే నవ్వొస్తోంది."

గాలి చల్లగా దాని తల నిమిరింది.

"అలాగే ఉంచుకోవే తల్లీ," అంది. "అతను ఒకసారి తల ముంచాడు. రోజూ ముంచుతాడా?"

బొచ్చెమ్మ గట్టుమీదకి చూసింది. పోతయ్య తల తుడుచుకుంటూ, పక్కన ఇంకో చెరువు తవ్వడానికి చోటు చూస్తున్నాడు. ఇక అది మారు అడగలేదు.

అప్పటినుంచే బొచ్చె చేపకి నోరు పైకి తిరిగి ఉంది. అది నీళ్ళ పైభాగానే తిరుగుతూ, పైపైనే మేస్తుంది. ముసురు పట్టి, గాలి కదలని తెల్లవారుజామున ఈనాటికీ అది చెరువు మీదికి వచ్చి, నోరు తెరిచి గుక్క గుక్కగా గాలి తాగుతూ కనిపిస్తుంది.