సంతాపం ముందే రాసిన నక్క

ఆ ఏడు ఎండలకు గుట్ట కింది వాగు ఎండి, అడవి మొత్తానికి ఒక్క మడుగే మిగిలింది. అందులో మొసలి కాపురం. మూడు రోజులుగా జింకలకు గొంతు తడిసింది లేదు. మడుగు సంగతి ఏమైనా తెలుస్తుందేమోనని పెద్ద జింక రోజూ సాయంత్రం నల్లబండ దగ్గరికి వచ్చేది. ఆ బండ మీద గోరింక వార్తలు చెబుతుంది. గోరింక చెప్పిందంటే అడవికి అది నిజమే.

ఆ సంగతి నక్కకు బాగా తెలుసు. మొసలి గొప్పలు ప్రచారం చేయడం దాని ఉద్యోగం, తిండే జీతం. ఓ మధ్యాహ్నం మోదుగాకు మీద ఏదో రాసి పట్టుకొచ్చింది.

"గోరింకమ్మా, ప్రెస్ నోట్. మొసలిగారు మాంసం మానేశారు. రేపు మధ్యాహ్నం జింకలన్నీ మడుగుకు రావాలని మనవి. చదివెయ్."

"ప్రెస్ నోట్ అంటే నీ గురించి నువ్వు చెప్పుకునే మాట బావా. వార్త కావాలంటే నేను సరిచూసుకోవాలి. మానేశాడని ఎవరు చెప్పారు?"

"నమ్మదగిన వర్గాలు."

"ఎవరో ఆ వర్గాలు?"

"పేరు బయటపెట్టకూడదుగా."

"లోకానికి చెప్పొద్దు, నాకు చెప్పు. నాకూ చెప్పలేకపోతే అది ఆధారం కాదు, పుకారు."

నక్క ఆ ఆకును బండ మీదే పెట్టింది. అక్కడితో ఊరుకుంటే దాని తోక దానికి మిగిలేది. ప్రచారం చేసేవాళ్లకు ఒక అలవాటుంది చూశారూ, సభ జరక్కముందే 'సభ దిగ్విజయం' అని రాసిపెట్టుకుంటారు. నక్కకూ ఆ రోగముంది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా?

"రేపు భోంచేసి కునుకు తీస్తాను, నాకు తీరదు. ఇదీ ఇప్పుడే ఉంచు" అని రెండో ఆకు గోరింక ముందు పడేసి, పొద దాటుతూ, "రేపు సాయంత్రం దాకా ఎంబార్గో. బయటపెట్టకు" అని కేకేసి పోయింది. ఆ మాట అంటే చాలు, విలేకరి నోటికి తాళం పడుతుందని దాని నమ్మకం.

గోరింక చదివింది. 'ఐదు జింకలు కాలుజారి మడుగులో పడి మరణించడం పట్ల మొసలిగారు తీవ్ర దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు.' ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చావు లేకుండానే సంతాపం.

ఎవరి మీద వార్తో వాళ్లను ఒక మాట అడగాలి కదా. గోరింక వెళ్లి మడుగు మీదికి వంగిన కొమ్మ మీద వాలింది.

"మొసలిగారూ, ఐదు జింకలకు సంతాపం అందింది. మీదేనా?"

"ఐదా?" మొసలి తల పైకెత్తింది. "నాతో నాలుగన్నాడే. మూడు నాకు, ఒకటి వాడికి. ఐదోది ఎక్కడ దాస్తున్నాడు?"

"ఈ మాట మీ పేరుతోనే చెప్పమంటారా?"

"చెప్పు. వాణ్ణి నిలదియ్యి." కోపంలో మొసలికి తన గుట్టే రట్టవుతోందని తోచలేదు.

సాయంత్రం నల్లబండ చుట్టూ అడవంతా చేరింది. గోరింక రెండు ఆకులూ చదివి, మొసలి మాట మొసలి పేరుతోనే చెప్పింది. సొంతంగా ఒక్క ముక్క కలపలేదు.

పెద్ద జింక ముందుకొచ్చింది. "మొదటి ఆకు ఒక్కటే చదివుంటే పిల్లలతో సహా వెళ్లేవాళ్లం తల్లీ."

కుందేలుకు సందేహం వచ్చింది. "ఎంబార్గో అన్నాడుగా అక్కా, మాట తప్పినట్టు కాదా?"

"ఇవ్వని మాట తప్పేదేముంది? ఫలానా వేళదాకా ఆపుతావా అని ముందడగాలి. నేను సరే అన్నాకే ఆకు ఇవ్వాలి. నీలోనే ఉంచుకో అనే ఆఫ్ ది రికార్డ్ కూడా అంతే. పడేసి పోతూ కేకేస్తే అది నన్ను కట్టిపడెయ్యదు."

నక్క మాత్రం బొరియలో గుర్రు పెడుతోంది. దానికి వార్తలు ఇచ్చే అలవాటే గానీ వినే అలవాటు లేదు.

మర్నాడు మధ్యాహ్నం అది లొట్టలేస్తూ మడుగు ఒడ్డున పొద వెనక కూర్చుంది. జింకలు రాలేదు, మొసలి వచ్చింది. "ఐదోది ఏదిరా?" అంటూ తోక పట్టింది. నక్క సగం తోక వదిలేసి గుట్టకేసి పరుగు తీసింది. మొసలి వెంటబడింది.

"మడుగు ఖాళీ" అని గోరింక కొమ్మ మీంచి కేక పెట్టింది. దూరంగా కాచుకున్న జింకలు వచ్చి, దిగి కడుపారా తాగాయి. పిల్లలు కేరింతలు కొట్టాయి. పెద్ద జింక అందరికంటే చివర తాగి, "మా ప్రాణాలు నిలబెట్టావు తల్లీ" అంది. ఆనాటి నుంచి మొసలి ఎటుందో గోరింక చూసి చెప్పాకే జింకలు నీళ్లకు దిగుతున్నాయి.

మూడో రోజు నక్క ఇంకో ఆకు తెచ్చింది. 'నా మాటలను వక్రీకరించారు.'

"తప్పక చదువుతాను బావా, ఖండన చదవడం నా ధర్మం. ఒక్క ప్రశ్న, మిగతా సగం తోక ఏమైంది?"

"నో కామెంట్" అంది నక్క. అడవంతా పగలబడి నవ్వింది.

నీతి: ఎవరో రాసిచ్చింది ప్రకటన, అడిగి తేల్చుకున్నదే వార్త.