మూడు, తొమ్మిది, ఇరవయ్యేడు

సుబుద్ధిలంకలో కొబ్బరి పరిశోధన కేంద్రం ఒకటి ఉండేది. దాని లైబ్రరీలో ముగ్గురు. లైబ్రేరియన్ భీమలింగం, జాబితాలు రాసే నూకరత్నం, పుస్తకాలు కుట్టే బైండరు అప్పలకొండ. గోదావరి వరదకి లంకలో ఉన్న తెలివంతా కొట్టుకొచ్చి తమ లైబ్రరీలోనే మేట వేసిందని ముగ్గురికీ గట్టి నమ్మకం. ఓసారి ఎవరో సైంటిస్టు హడావుడిగా వచ్చి, "కళ్ళు మూసుకుని ఏదో ఒక పుస్తకం ఇచ్చెయ్యండి" అన్నాడు. భీమలింగం నిజంగానే కళ్ళు మూసుకుని వెళ్ళి బీరువాకి గుద్దుకున్నాడు. నుదుటి మీద కట్టిన బొప్పిని ఉద్యోగధర్మం అంటూ నెల రోజులు ఊరందరికీ చూపించుకున్నాడు.

భీమలింగానికి లోకంలో ప్రాణమైనది ఒక్కటే. ఫ్యాను కింద చేతుల కుర్చీ. ఇరవై రెండేళ్ళుగా అందులోనే కూర్చుంటున్నాడు. ఇప్పుడు దానికే ముప్పొచ్చింది.

డైరెక్టరు జోగులాంబగారు నగరం నుంచి పతంజలి అనే నిపుణుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. "భీమలింగంగారూ, కొబ్బరిని పీడించే తెల్లదోమ మీద ఏ పత్రికలో ఎన్ని వ్యాసాలొచ్చాయో సోమవారానికల్లా లెక్క తేల్చండి. తేలిందా, లైబ్రరీ ఉంటుంది. లేదా, తాళం వేసి ముగ్గుర్నీ తోటలోకి పంపిస్తాను" అంది.

పతంజలిగారు కళ్ళజోడు తుడుచుకుని వివరించాడు. "ఏ విషయం తీసుకున్నా ఇంతేనండీ. వ్యాసాల్లో మూడో వంతు గుప్పెడు పత్రికల్లోనే దొరుకుతాయి. మూడు అనుకోండి. రెండో వంతు కోసం తొమ్మిది తిరగెయ్యాలి. ఆఖరి వంతు కోసం ఇరవయ్యేడు! అవి మనం ఊహించని చోట ఒక్కొక్కటిగా దాక్కుని ఉంటాయి."

వాళ్ళిద్దరూ గడప దాటారో లేదో, "గుప్పెడు అన్నారు కదండీ, పట్టి చూద్దాం" అన్నాడు అప్పలకొండ. భీమలింగం గుప్పిట్లో రెండు పత్రికలే పట్టాయి. అప్పలకొండ గుప్పిట్లో మూడు పట్టాయి. "చూశారా, మూడే! పెద్దాయన మా అప్పలకొండ చెయ్యి చూసే చెప్పారు" అని నూకరత్నం మురిసిపోయింది.

మూడు రోజులు లెక్కపెట్టారు. ముప్ఫై పత్రికల్లో ఎనభైతొమ్మిది వ్యాసాలు తేలాయి. కానీ మొదటి మూడో వంతుకి నాలుగు పత్రికలు కావాల్సొచ్చింది. భీమలింగానికి చెమటలు పట్టాయి.

"నాలుగెందుకొచ్చాయండి?" అంది నూకరత్నం.

"అంత చదువుకున్నాయన అబద్ధం చెప్తాడా? తప్పు పత్రికలదే. ఎక్కడ ఉండాల్సిన వ్యాసం అక్కడ ఉండకపోతే మనమేగా సర్దాలి? లైబ్రేరియన్ ఉన్నదెందుకు?" అన్నాడు భీమలింగం.

అంతే. అప్పలకొండ బ్లేడూ దబ్బనమూ తీశాడు. నాలుగో పత్రిక కడుపు కోసి వ్యాసాలు లాగి మొదటి మూడింట్లో కుట్టాడు. అవి దిండ్లలా ఉబ్బాయి. ఇంకేముంది, మిగతావన్నీ వరసగా కోతకొచ్చాయి. తీరా చూస్తే వ్యాసం ఒకటి తక్కువ. తొంభై ఉంటే తప్ప మూడు సమభాగాలు రావు. అన్నిట్లోకీ పొడుగాటి వ్యాసాన్ని వెతికి నడిమికి కోశారు. తొంభై అయ్యాయి.

అప్పుడు బయటపడింది అసలు కష్టం. పత్రికలు ముప్ఫైతొమ్మిది కావాలి, ఉన్నవి ముప్ఫై.

"తొమ్మిది ఎక్కణ్ణుంచి తేవాలిరా భగవంతుడా!" అని భీమలింగం కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడే దాన్నెవరో లాక్కుపోతున్నట్టు అనిపించింది. పాపం, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

నూకరత్నం తెలివి సమయానికి వెలిగింది. "ఊహించని చోట ఉంటాయన్నారు కదండీ! మనం ఊహించని చోట్లు చూసి పెట్టేస్తే సరి."

అంతే. రైళ్ళ టైం టేబుల్లో ఒక వ్యాసం కుట్టారు. పచ్చళ్ళ పుస్తకంలో ఒకటి, గోడకి వేలాడే పంచాంగంలో ఒకటి. నూకరత్నం ఇంట్లో గ్యాస్ పుస్తకం కూడా తెచ్చింది. ఆదివారం సాయంత్రానికి తొమ్మిదీ నిండాయి. భీమలింగం కుర్చీలో వాలి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

సోమవారం పతంజలిగారు జాబితా చూసి నోరు తెరిచాడు. "మూడింట్లో ముప్ఫై! తొమ్మిదింట్లో ముప్ఫై! ఇరవయ్యేడింట్లో ముప్ఫై! ఇంత కచ్చితంగా లోకంలో ఎక్కడా రాలేదు. దీనిమీద నేనే ఒక వ్యాసం రాస్తాను" అన్నాడు. బీరువా తలుపు తీసి చూడాలన్న ఆలోచన ఆ మహానుభావుడికి రాలేదు. అంత పెద్ద చదువుకి అంత చిన్న పనెందుకు?

జోగులాంబగారికి మాత్రం వచ్చింది. "తెల్లదోమని తినే పురుగు గురించి పెద్ద వ్యాసం ఉండాలి. రైతులు చెట్లు పోతున్నాయని ఏడుస్తున్నారు. ఏదీ, ఇవ్వండి."

భీమలింగం గర్వంగా పంచాంగం తీసిచ్చాడు.

ఆవిడ ఒకసారి అతన్నీ ఒకసారి పంచాంగాన్నీ చూసింది. వ్యాసం తెరిచి తెలుగులో చెబుతూ చదివింది. "ఈ పురుగుని తోటలో వదలడానికి అన్నిటికన్నా అనువైన సమయం..." పేజీ తిప్పింది. "మంగళవారం మూడింటి నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం."

"మిగతా సగం?" అంది పళ్ళు బిగించి.

"పచ్చళ్ళ పుస్తకంలో ఉందండీ, మాగాయ దాటాక" అన్నాడు అప్పలకొండ సంబరంగా.

ఇంకేముంది, ఆ మధ్యాహ్నమే లైబ్రరీకి తాళం పడింది. ముగ్గుర్నీ తోటలోకి తోలి, "ఏ చెట్టుకి ఎన్ని కాయలున్నాయో లెక్కపెట్టండి. అంతకు మించి బుర్ర వాడకండి. మీకు దణ్ణం పెడతాను" అంది జోగులాంబగారు.

తోటలో చెట్లు లెక్కపెట్టిన భీమలింగానికి ఒళ్ళు పులకరించింది. సరిగ్గా ముప్ఫైతొమ్మిది! కాయలు మూడు వందల తొంభై. ఇంతా చేస్తే చెట్టుకి తొమ్మిదో పదో పదకొండో ఉన్నాయి, ఒక పద్ధతీ పాడూ లేకుండా.

"ఏ విషయం తీసుకున్నా ఇంతేనన్నారు పెద్దాయన. ఈ చెట్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. లెక్క కుదిరిందంటే డైరెక్టరమ్మగారే నా కుర్చీ నెత్తిన పెట్టుకుని తెచ్చిస్తారు" అన్నాడు.

రెండు రోజుల్లో కాయలన్నీ కిందికి దిగాయి. మూడో రోజు నుంచి బైండింగు దారంతో తిరిగి పైకెక్కాయి. మూడు చెట్లకి నూట ముప్ఫై కట్టేసరికి వాటి తలలు వంగిపోయాయి. తొమ్మిదింటికి ఇంకో నూట ముప్ఫై. మిగిలినవి ఇరవయ్యేడింటికి పంచారు. ఆఖరికి ఒక్క కాయ మిగిలింది. దూరంగా జోగులాంబగారు గొడుగు వేసుకుని వస్తోంది. భీమలింగం చొక్కా గుండీలు పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

చెట్టు మీద నుంచి అప్పలకొండ అరిచాడు. "అయ్యా, ఊహించని చోట కూడా ఒకటుండాలి కదండీ. ఈ ఆఖరిది ఆ మామిడిచెట్టుకి కట్టెయ్యనా?"

"అడుగుతావేంట్రా? ఆవిడ వచ్చేలోగా కట్టు!" అన్నాడు భీమలింగం.